మొక్కజొన్న టోర్టియాలు పగలకుండా రావాలంటే సున్నం ఉండాల్సిందే

మీరు అడిగింది: సూపర్ మార్కెట్ మొక్కజొన్న పిండిని వేడినీళ్లతో కలిపి టోర్టియాలు (మెక్సికో వాళ్ల పల్చటి రొట్టెలు) చేస్తే అంచులు పగిలిపోతున్నాయి, చేత్తో చేసేవాళ్లకి ఎలా వస్తున్నాయి అని. లోపం మీ చేతిలో లేదు, పిండిలోనే ఉంది. జొన్నరొట్టెకైతే వేడినీళ్లు సరిపోతాయి. టోర్టియాకి మాత్రం గింజని ముందు సున్నపు నీళ్లలో ఉడికించాలి.

ఉద్యోగం మీద మెక్సికోలోని గ్వాదలహారా నగరంలో ఉన్నప్పుడు మా ఇంటి ఓనరమ్మ తల్లిగారు చేస్తుంటే దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. ఆవిడది దక్షిణ మెక్సికోలో ఒహాకా వైపు పల్లె. కిలో ఎండు మొక్కజొన్నకి మూడు లీటర్ల నీళ్లు, 10 గ్రాముల సున్నం. సన్నటి సెగ మీద అరగంట, ముప్పావుగంట ఉడికించి, మూతపెట్టి రాత్రంతా వదిలేసేవారు. పొద్దున ఒక గింజ తీసి వేళ్ల మధ్య నలిపి చూసేవారు. పైపొట్టు జిగురుగా ఊడొచ్చి, గింజ విరిస్తే మధ్యలో చిన్న తెల్లటి పలుకు మిగలాలి. పూర్తిగా మెత్తబడితే పిండి బంకలా సాగుతుంది. ఆ తర్వాత పసుపు నీళ్లు వంపేసి రెండు మూడుసార్లు కడగడమే.

సున్నం పొట్టుని వదిలించడమే కాదు, పిండి ముద్దకట్టే గుణం కూడా దానివల్లే వస్తుంది. గింజలోని నియాసిన్ అనే బి విటమిన్ ఒంటికి పట్టేది కూడా అందుకే. ఈ పద్ధతి లేకుండా మొక్కజొన్నే ప్రధానంగా తిన్న ఇటలీలో, తర్వాత అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో నియాసిన్ లోపంతో వచ్చే పెల్లాగ్రా జబ్బు ఎంతోమంది ప్రాణాలు తీసింది. మెక్సికో పల్లెల తిండి ఎంత తెలివైనదో నాకు అప్పుడే అర్థమైంది.

రుబ్బడానికి ఆవిడ దగ్గర మెటాటే ఉండేది, మూడు కాళ్ల వాలు రాయి. మోకాళ్ల మీద కూర్చుని రాతి కడ్డీతో ముందుకీ వెనక్కీ నూరాలి. ఇప్పుడు చాలామంది బకెట్టు పట్టుకుని మరకి వెళ్తారు. మీరు వెట్ గ్రైండర్‌లో చాలా తక్కువ నీళ్లతో రుబ్బుకోండి. మిక్సీలో అయితే నీళ్లు ఎక్కువ పోయాల్సొస్తుంది.

చిన్న ఉండ చేసి నొక్కి చూడండి. అంచు చీలితే తడి చాలలేదు, చేతికి అంటుకుంటే ఎక్కువైంది. రెండు ప్లాస్టిక్ కాగితాల మధ్య ఒత్తి, బాగా కాలిన పెనం మీద వేయండి. 20 సెకన్లకి తిప్పండి, రెండోవైపు నిమిషం ఉంచండి, మళ్లీ తిప్పితే పొంగాలి. తీసినవి తీసినట్టు గుడ్డలో చుట్టేయాలి. ఆ ఆవిరిలోనే అవి మెత్తబడతాయి, ఈ పని మానొద్దు.

సున్నం తాంబూలానికి వాడే తెల్లదే తీసుకోండి, రంగూ వాసనా కలిపింది వద్దు. ముద్ద సున్నమైతే 20 గ్రాములు వేయండి. గోడలకి వేసేది ముట్టుకోకండి. అల్యూమినియం గిన్నె వద్దు, స్టీలుదే వాడండి. గింజలు విత్తనాల షాపులో కొనకండి, వాటికి మందు పట్టించి ఉంటారు. స్వీట్ కార్న్ పనికిరాదు. మిగిలిపోయిన టోర్టియాల్ని మర్నాడు ముక్కలు కోసి నూనెలో వేయించి, టమాటా పచ్చిమిర్చి సల్సాలో కలిపి తింటారు. ఆ చిలకీలెస్ కోసమే నేను నాలుగు ఎక్కువ చేస్తాను.