గార్టర్ విసరడం తప్పనిసరి కాదండీ

మీ అమ్మాయిది అమెరికన్ సంబంధం కదా, రిసెప్షన్‌లో పెద్దల ముందు అల్లుడు ఆమె కాలి గార్టర్ (మేజోళ్ళు జారకుండా కట్టే పట్టీ) తీసి అతిథుల మీదకు విసరడం ఎలాగా అని అడిగారు కదండీ. నిశ్చింతగా వద్దనేయండి. అది చర్చి తంతులో భాగం కాదు. అమెరికాలోనే ఇప్పుడు చాలా జంటలు మానేస్తున్నాయి.

పూర్వం ఇంగ్లండ్, ఫ్రాన్స్‌లలో పెళ్ళికూతురి గార్టర్ దొరికితే అదృష్టమని అతిథులు దానికోసం ఎగబడేవారు, పడకగది దాకా వెళ్ళేవారు కూడా. ఆ పిల్ల అవస్థ తలచుకుంటేనే బాధేస్తుంది. ఆ తోపులాట తప్పించడానికే విసరడం మొదలైందంటారు.

వియ్యాలవారికి ముచ్చటగా ఉంటే, అమ్మాయిని గౌను లోపల నీలం గార్టర్ పెట్టుకోమనండి. పెళ్ళికూతురి ఒంటిమీద నీలం రంగుది ఒకటుండాలని వాళ్ళ ఆనవాయితీ. ఎవరికీ కనబడదు, వాళ్ళ మాటా దక్కుతుంది. డీజేకి మాత్రం ముందే చెప్పండి, లేకపోతే అలవాటుగా మైకులో పిలిచేస్తాడు.