పేజీ కౌంటర్ మాటిమాటికీ 1కి పడిపోతుంటే

ఫైల్‌లోంచి అంకె చదివి, ఒకటి కలిపి, మళ్లీ రాసే మీ పీహెచ్‌పీ (సర్వర్‌లో నడిచే ప్రోగ్రామింగ్ భాష) కౌంటర్, అంటే పేజీని ఎన్నిసార్లు తెరిచారో లెక్కించే స్క్రిప్ట్, మూడు నాలుగు రోజులకోసారి 1కి పడిపోతోందనీ, పైగా ప్రతి పేజీకీ విడివిడిగా లెక్క కావాలనీ అడిగారు. ఈ రెండు గోతుల్లోనూ పడి లేచినవాణ్ని నేను. నాదొక చిన్న సామెతల సైటు. సామెతకో పేజీ, షేర్డ్ హోస్టింగ్ (చాలా సైట్లు పంచుకునే సర్వర్), వచ్చేవాళ్లు అంతంతమాత్రం.

ముందు 1కి పడిపోవడం సంగతి. మీరు ఫైల్‌ని ‘డబ్ల్యూ’ (రాయడానికి తెరిచే) మోడ్‌లో తెరుస్తూ ఉండుంటారు. అలా తెరిచిన క్షణంలోనే ఫైల్ ఖాళీ అయిపోతుంది, కొత్త అంకె పడేది ఆ తర్వాత. ఆ సందులో ఇంకెవరైనా పేజీ తెరిస్తే వాళ్ల స్క్రిప్ట్‌కి ఖాళీ ఫైల్ దొరుకుతుంది. ఖాళీ అంటే సున్నా, దానికి ఒకటి కలిపితే 1. అన్నాళ్ల లెక్కా గంగలో కలిసినట్టే. ఎఫ్‌లాక్ (ఒకరు వాడుతుండగా ఇంకొకరు ముట్టకుండా ఫైల్‌కి వేసే తాళం) పెట్టాను కదా అంటారేమో, నేనూ పెట్టాను. ‘డబ్ల్యూ’తో తెరిచాక తాళం వేయడమంటే దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరగడమే. ‘సి ప్లస్’ మోడ్‌లో తెరవండి, అది ఫైల్‌ని తుడవదు. తాళం వేసి, చదివి, అప్పుడు ఎఫ్‌ట్రంకేట్‌తో తుడిచి, రివైండ్ చేసి (ఫైల్ మొదటికి వెళ్లి) రాయండి.

ఒక్క అంకెకైతే ఇది చాలు. పేజీకో ఫైల్ మాత్రం పెట్టకండి. హోస్టింగ్‌లో మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ ఉండే ఉంటుంది, రెండు కాలమ్‌ల టేబుల్ చాలు: పేజీ ఐడీ (పేజీకి మీరిచ్చే నంబరు లాంటి గుర్తు), వ్యూస్ (ఎన్నిసార్లు తెరిచారో). ఐడీని ప్రైమరీ కీ చేయండి, అప్పుడు ఒక ఐడీకి ఒకే వరుస ఉంటుంది. అంకెని పీహెచ్‌పీలోకి తెచ్చుకుని, కలిపి, తిరిగి పంపితే మళ్లీ పాత రోగమే. అప్‌డేట్ క్వెరీలోనే (డేటాబేస్‌కి ఇచ్చే మార్పు ఆదేశంలోనే) ‘వ్యూస్ = వ్యూస్ + 1’ అని రాసి కూడిక డేటాబేస్‌కి వదిలేయండి. ఇద్దరు ఒకేసారి వచ్చినా ఇద్దరినీ లెక్కేస్తుంది.

పేజీ ఐడీ అన్నాను, పేజీ అడ్రసు అనలేదు. అడ్రసు పెట్టి నేను నెల రోజులు తల పట్టుకున్నాను. ‘అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని’ పేజీని ఎంతమంది చూసినా కౌంటర్ 1 దాటేది కాదు. సంగతేమిటంటే, అడ్రసులో తెలుగు ఉంటే సర్వర్‌కి అది శాతం గుర్తుల గొలుసుగా చేరుతుంది. యూనికోడ్‌లో హల్లు వేరు, గుణింతం వేరు, పొల్లు వేరు. ఒక్కోదానికి 3 బైట్లు, ఒక్కో బైటుకి శాతం గుర్తుతో కలిపి 3 అక్షరాలు, వెరసి 9. ఆ సామెతలో అలాంటివి 33 ఉన్నాయి, అంటే 297 అక్షరాలు. మాటల మధ్య గీతలు అదనం. నేను పెట్టిన కాలమ్‌లో పట్టేది 255. అప్పటి పాత మైఎస్‌క్యూఎల్‌లో స్ట్రిక్ట్ మోడ్ (పట్టని విలువని తిప్పికొట్టే పద్ధతి) ఆన్‌లో లేదు, కిక్కురుమనకుండా తోక కత్తిరించి దాచుకుంది. కత్తెర పడింది కూడా సరిగ్గా ‘నోట్లో’ మధ్యన! నా కోడ్ పూర్తి అడ్రసుతో వెతికేది, దొరక్కపోతే కొత్త వరుస చేర్చేది. టేబుల్ తెరిచి చూద్దును కదా, ఒకే సామెతకి వందల వరుసలు, ప్రతిదాని పక్కనా 1. మైఎస్‌క్యూఎల్ 5.7 నుంచి స్ట్రిక్ట్ మోడ్ మామూలుగానే ఉంటుంది, మీకైతే ఎర్రర్ వస్తుంది, అదే నయం. ఇది చాలదన్నట్టు ఫేస్‌బుక్ నుంచి వచ్చేవాళ్ల అడ్రసు చివర ‘ఎఫ్‌బీక్లిడ్’ అనే తోక ఉంటుంది. ఆ తోక మారినప్పుడల్లా కొత్త పేజీ కిందే లెక్క.

ఇంకొకటి, వచ్చేవాళ్లంతా మనుషులు కారు. ఒకరోజు తెల్లారి చూస్తే ప్రతి పేజీ లెక్కా కచ్చితంగా ఒక్కటి పెరిగి ఉంది. మనుషులెవరూ సైటుని వరసబెట్టి అలా చదవరు, బాట్ (తనంతట తాను పేజీలు తిరిగే ప్రోగ్రామ్) వచ్చి ఊడ్చుకుపోయింది. లింకుని వాట్సాప్‌లో అతికించినా ప్రివ్యూ కోసం అది పేజీని ఒకసారి తెచ్చుకుంటుంది. అందుకని లెక్కించే పనిని పేజీ తయారయ్యే చోటు నుంచి తీసేసి, పేజీలోని జావాస్క్రిప్ట్ నుంచి సెండ్‌బీకన్‌తో (బ్రౌజర్ నుంచి సర్వర్‌కి చిన్న కబురు పంపే ఆదేశం) ఒక చిన్న పీహెచ్‌పీ ఫైల్‌కి పంపేలా మార్చాను. చాలా బాట్లు జావాస్క్రిప్ట్ నడపవు. గూగుల్‌బాట్ లాంటివి నడుపుతాయి కాబట్టి యూజర్ ఏజెంట్‌లో (వచ్చింది ఏ బ్రౌజరో, ఏ ప్రోగ్రామో అది తనే చెప్పుకునే పేరులో) ‘బాట్’ అని కనిపిస్తే వదిలేయండి. క్యాష్ ప్లగిన్ (తయారైన పేజీని దాచి మళ్లీ అదే ఇచ్చేది) వాడినా ఈ పద్ధతే పనిచేస్తుంది, ఎందుకంటే క్యాష్ అయిన పేజీకి మీ పీహెచ్‌పీ అసలు నడవదు.

రీఫ్రెష్ కొట్టేవాళ్ల కోసం సెషన్‌స్టోరేజ్‌లో (ట్యాబ్ మూసేదాకా బ్రౌజర్ దాచి ఉంచే చోట) ఒక గుర్తు పెట్టుకుంటే చాలు. అంతకంటే వెంటపడి ఐపీ అడ్రసులు దాచుకోవడం నాకు నచ్చదు, సామెత చదవడానికి వచ్చినవాళ్ల ఆనవాళ్లు మనకెందుకు? అన్నట్టు, అంకె పక్కన ‘ఇంతమంది చూశారు’ అని రాయకండి, ‘ఇన్నిసార్లు తెరిచారు’ అనండి. మీ దగ్గరున్నది మనుషుల లెక్క కాదు.

మార్చే ముందు ఇప్పుడున్న ఫైల్‌లోని అంకెని ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. టేబుల్‌లో మొదటి విలువ అదే ఇవ్వొచ్చు.