2017 బ్రిటన్ ఎన్నికల ఫలితం వెలువడిన రాత్రి అక్కడున్నవారికి ఎలా అనిపించింది?

2017 జూన్ 8న జరిగిన పార్లమెంటు ఎన్నికల ఫలితం అంతగా ఆశ్చర్యపరచడానికి కారణమేమిటని, అప్పుడు అక్కడున్నవారు ఏమనుకున్నారని అడిగారు. ఆ రోజుల్లో నేను ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉద్యోగం చేస్తున్నాను. చట్టబద్ధంగా అక్కడ నివసించే కామన్వెల్త్ దేశాల పౌరులకు ఆ ఎన్నికల్లో ఓటు హక్కు ఉంది కనుక, భారత పౌరుడిగా ఉంటూనే నేనూ ఓటు వేశాను. ఈవీఎం లేదు, వేలికి సిరా లేదు; అక్కడ ఉంచిన పెన్సిల్‌తో అభ్యర్థి పేరుకు ఎదురుగా ఇంటూ గుర్తు పెట్టి, కాగితం మడిచి పెట్టెలో వేయడమే.

ప్రధాని థెరిసా మే ఏప్రిల్‌లో ముందస్తు ఎన్నికలు ప్రకటించినప్పుడు కొన్ని సర్వేల్లో ఆమె నడిపే కన్సర్వేటివ్ పార్టీ 20 పాయింట్ల దాకా ఆధిక్యంలో ఉండేది. అందుకే రాత్రి 10 గంటలకు పోలింగ్ ముగిసీ ముగియగానే ఎగ్జిట్ పోల్ ఆ పార్టీకి మెజారిటీకి చాలని 314 స్థానాలే చూపినప్పుడు, మా ఇంట్లో టీవీ ముందు కూర్చున్న మిత్రులు చాలామంది నమ్మలేదు. మన దగ్గర ఛానెల్‌కొక అంచనా వినిపిస్తుంది. అక్కడ బీబీసీ, ఐటీవీ, స్కై కలిసి ఒకే పోల్ చేయిస్తాయి, అది చాలావరకు నిజమవుతుంది. చివరికి స్పీకర్‌ను మినహాయిస్తే 317 వచ్చాయి. మా రెడింగ్ ఈస్ట్ నియోజకవర్గం ప్రతిపక్ష లేబర్ పార్టీకి దక్కింది. లండన్‌లో సంపన్నులుండే కెన్సింగ్టన్ సైతం 20 ఓట్ల తేడాతో కన్సర్వేటివ్‌ల చేజారింది.

నా దృష్టిలో గాలి మారింది మే నెల 18న వచ్చిన కన్సర్వేటివ్ మేనిఫెస్టోతోనే. ఇంటివద్దే సంరక్షణ పొందే వృద్ధులు కూడా ఆ ఖర్చులో ఎంత భరించాలో తేల్చే లెక్కలో సొంతింటి విలువను కలుపుతామని, చివరికి లక్ష పౌండ్లు మాత్రం మిగులుస్తామని అందులో ఉంది. జీవితాంతం వాయిదాలు కట్టి సంపాదించిన ఇల్లు పిల్లలకు దక్కదేమోనన్న దిగులు మా వీధిలోని పెద్దవాళ్ల మాటల్లో స్పష్టంగా వినిపించింది. నాలుగు రోజులకే ఖర్చుకు గరిష్ఠ పరిమితి పెడతామంటూనే, ఏమీ మారలేదని ప్రధాని చెప్పడం ఆ దిగులును మరింత పెంచింది. మరోవైపు యూనివర్సిటీ ట్యూషన్ ఫీజులు రద్దు చేస్తామన్న లేబర్ నేత జెరెమీ కోర్బిన్ వైపు యువత బలంగా మొగ్గింది.

వలసలను గట్టిగా తగ్గిస్తామన్న ప్రభుత్వం బలహీనపడిందని మా తెలుగువాళ్లలో కొందరు ఊరట చెందారు. నాకు మాత్రం బ్రెగ్జిట్, అంటే యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ వైదొలగడంపై చర్చలు మొదలవుతున్న వేళ మెజారిటీ లేని ప్రభుత్వం ఏర్పడటమే ఆందోళన కలిగించింది. ఉత్తర ఐర్లండ్ పార్టీ అయిన డీయూపీకి చెందిన 10 మంది సభ్యుల మద్దతుతో పదవిలో కొనసాగిన థెరిసా మే కుదుర్చుకున్న బ్రెగ్జిట్ ఒప్పందాన్ని, 2019 జనవరిలో పార్లమెంటు 230 ఓట్ల తేడాతో తిరస్కరించింది.