ఆ పాప ఏ తరగతి?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. యుద్ధం నడుస్తున్న ఊళ్లో బడి కూలిపోవడం, ఆ దుమ్ములోంచి ఒంటి చెప్పుతో ఒక పాప నడిచి రావడం కళ్లకు కట్టేలాగే రాశావు. ఆ ఒంటి చెప్పు దగ్గర మాత్రం నాకు నవ్వొచ్చింది. నిన్ను చూసి కాదులే. ముప్పై ఏళ్ల కిందట నేనూ ఇలాంటి పిల్లనే రాశాను, నా పిల్లకి రెండో చెప్పు కూడా లేదు. అది అచ్చయ్యాక, రిటైరైన మాస్టారొకాయన కార్డు రాశారు. పొగడ్త లేదు, తిట్టు లేదు. "ఆ పిల్ల ఏ తరగతి?" అని ఒక్కటే ప్రశ్న. నా దగ్గర జవాబు లేదు. ఆ పిల్లని ఏడిపించడానికి తెచ్చుకున్నానే గానీ చదివించడానికి కాదు.

నిన్నూ అదే అడుగుతున్నాను. నాలుగో తరగతి సగంలో ఊరు వదిలిందనుకో. రెండేళ్లు డేరాల్లో గడిచాయి. ఇప్పుడు పదకొండేళ్లు. నాలుగులో కూర్చోబెడితే పక్కనున్న చిన్నపిల్లలు నవ్వుతారు, ఆరులో వేస్తే భిన్నాలు రావు. సరిహద్దు దాటిందా, పాఠం చెప్పే భాషే మారిపోతుంది. పాత బడి రికార్డులు కాలిపోయాయి, మరి టీసీ ఎవరిస్తారు? సిరియాలో పిల్లలు తొమ్మిది, పన్నెండు తరగతుల పరీక్షలు రాయడానికి పోరు జరుగుతున్న ప్రాంతాలు దాటుకుని వెళ్లారు. ప్రభుత్వం ఇచ్చే సర్టిఫికెట్టుకి ఉన్న విలువ అది. నన్నడిగితే బాంబులో కన్నా ఆ కాగితంలోనే కథ ఎక్కువుంది.

2014 ఏప్రిల్‌లో నైజీరియాలోని చిబోక్‌లో బోకో హరామ్ అనే ఉగ్రవాద ముఠా 276 మంది ఆడపిల్లల్ని ఎత్తుకుపోయింది. ఆ అంకె లోకమంతా పాకింది. భయంతో మూసేసిన ఆ బడిని చివరి ఏడాది పరీక్షల కోసమే మళ్లీ తెరిచారనీ, వాళ్లు ఆ పరీక్షలు రాయడానికి వచ్చినవాళ్లనీ ఎంతమందికి గుర్తుంది?

ఇక నీ టీచరమ్మ. ఆవిణ్ణి ఒక్క వాక్యంలో చంపేశావు. బతకనియ్యి. జీతం రాక ఎనిమిదో నెల నడుస్తున్నా ఆవిడ బడికి ఎందుకొస్తోందో రాయి. లేదా రావడం మానేసి కూరగాయలు అమ్ముకుంటోందని రాయి, అందులో తప్పేముంది? త్యాగమూర్తుల్ని తయారుచేయడం మనలాంటి రాతగాళ్లకి చవకైన పని.

వస్తువుల్ని దగ్గరగా చూడు. యునిసెఫ్ వాళ్లు పంపే ఒక అల్యూమినియం పెట్టె ఉంటుంది. నలభై మంది పిల్లలకీ ఒక టీచరుకీ సరిపడా పలకలు, పెన్సిళ్లు, నోటుపుస్తకాలు, కత్తెరలు అందులో ఉంటాయి. మూత లోపలివైపు రంగు పూస్తే అదే నల్లబల్ల. చెట్టు కింద పెట్టె తెరిస్తే బడి మొదలైనట్టే. ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో 2023 సెప్టెంబరు నుంచి మెట్రో స్టేషన్లలో తరగతులు నడిపారు, మరుసటి ఏడాది ఏకంగా నేల కిందే బడి కట్టారు. కిటికీ లేని గదిలో పిల్లలు దేన్ని చూస్తూ పరధ్యానంలో పడతారు? నీ కథలో ఇలాంటి ప్రశ్న ఒక్కటీ లేదు.

బడి మీద బాంబు ఊరికే పడినట్టు రాశావు. ఒక్కోసారి కావాలనే కొడతారు. ఒక్కోసారి దానికి ముందు ఇంకో కథ ఉంటుంది. గట్టి గోడలు, ప్రహరీ, నీళ్లు, మరుగుదొడ్లు, ఊరికి నడిబొడ్డున చోటు. సైనికులకైనా, వాళ్లతో పోరాడేవాళ్లకైనా కావలసినవి అవేగా! వాళ్లు దిగుతారు, బల్లలు పొయ్యిలోకి పోతాయి, అవతలివాళ్లకి ఆ బడి గురి అవుతుంది. పక్కగదిలో పాఠాలు నడుస్తున్నా సరే, తుపాకుల్ని చూసి తల్లిదండ్రులు ముందు ఆడపిల్లల్ని మాన్పిస్తారు. బళ్లని ఇలా వాడుకోవద్దని 2015లో నార్వేలోని ఓస్లోలో ఒక ప్రకటన వచ్చింది. 120కి పైగా దేశాలు దాన్ని ఒప్పుకున్నాయి. చట్టంలా కట్టిపడేసేది కాదు, మాట ఇవ్వడమే. కానీ సైన్యం ఖాళీ చేయాలని అడిగే హెడ్మాస్టరు చేతిలో ఆ మాటైనా ఉంటుంది.

ఒక్క విషయంలో మాత్రం కఠినంగా చెబుతున్నాను. రేపు నిజంగా అలాంటి చోటికి వెళ్లి రాస్తే బడి పేరు, దారి, గంట కొట్టే వేళ రాయకు. అఫ్గానిస్తాన్‌లో 2021 నుంచి ఆరో తరగతి దాటిన ఆడపిల్లలకి బడి లేదు, కొందరు ఇళ్లలో గుట్టుగా చదువుకుంటున్నారు. నువ్వు అందంగా వర్ణించిన నీలం తలుపు వెతికేవాడికి గుర్తు అవుతుంది. వాక్యం పేలవమైతే కానియ్యి.

కథ తిప్పి పంపుతున్నాను. పాప ఏ తరగతో, ఎక్కాలు ఎంతవరకు వచ్చో తేల్చుకుని మళ్లీ రాయి. చెప్పుల సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి