ఎండలో డ్యూటీకి వెళ్తున్న మా శిరీషకు

అమ్మా శిరీషా,

నీ పోస్టింగ్ సంగతి మీ నాన్న నిన్న రాత్రి ఫోన్లో చెప్పాడు. విజయవాడ ట్రాఫిక్‌లో వేశారని, బెంజి సర్కిల్ దగ్గర డ్యూటీ అని, సోమవారమే చేరుతున్నావని. యూనిఫాంలో నీ ఫొటో పొద్దున పాలబ్బాయికి చూపించాను, ఇస్త్రీ బండి అతనికీ చూపించాను. మన ఇంటి మొత్తానికి ఖాకీ చొక్కా వేసుకున్న మొదటి మనిషివి నువ్వే తల్లీ. ఆ సంబరంలోనే గోడ మీది క్యాలెండర్ కంటపడి గుండె గుబేలుమంది. మే నెల. రెండు వారాలు పోతే రోహిణి కార్తె.

నీళ్లు తాగమని, టోపీ తీయొద్దని అందరూ చెప్తారు. ట్రైనింగ్‌లోనూ చెప్పే ఉంటారు. అవి మళ్లీ రాయను. గుంటూరు మిర్చి యార్డులో ముప్ఫై ఏళ్లు గుమాస్తాగా చేసి నేను నేర్చుకున్నది ఒకటుంది. మీ నాన్నకి కూడా ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు.

2003వ సంవత్సరం, ఏప్రిల్ నెలాఖరు. ఆ వేసవి ఎంత చెడ్డదో మీ అమ్మనడుగు. మా కొట్టు ముందు లారీకి లోడు వేస్తున్నారు. మస్తాన్ అని ఒక హమాలీ. నా కంటే పదేళ్లు చిన్నవాడు, ఇనుప కడ్డీలాంటి మనిషి. మరదలి పెళ్లికని ఊరెళ్లి పన్నెండు రోజులు పని మానేసి, ఆ రోజే తిరిగొచ్చాడు. 40 కేజీలకు అటూ ఇటూగా ఉండే టిక్కీని, అంటే మిర్చి బస్తాని, వీపు మీద వేసుకుని బల్ల మీదుగా లారీ ఎక్కడం, దించినప్పుడల్లా గట్టిగా అంకె చెప్పడం. నేను పుస్తకంలో గీత కొట్టుకోవడం. అదీ మా పద్ధతి.

మధ్యాహ్నం రెండు దాటింది. మస్తాన్ "అరవై మూడు" అన్నాడు, "అరవై నాలుగు" అన్నాడు. తర్వాతి టిక్కీకి మళ్లీ "అరవై మూడు" అన్నాడు. నేను విసుక్కున్నాను. "ఏం మస్తానూ, పెళ్లి మత్తు ఇంకా దిగలేదా?" అని అందరి ముందూ అరిచాను. నవ్వాడు. అదోరకంగా, ఎవరినో చూసి నవ్వినట్టు నవ్వాడు. తర్వాత టిక్కీ లేకుండానే బల్ల ఎక్కబోయాడు. తాగొచ్చాడనే అనుకున్నాను శిరీషా. అలవాటు లేని మనిషని నాకు తెలుసు, అయినా అదే అనుకున్నాను. చేతిలో పుస్తకం ఉంది, లెక్క తప్పుతోంది, నా కోపం నాది. "పోయి ఆ రేకుల కింద పడుకో" అని పంపించేశాను.

ఆ రేకుల కింద ఎలా ఉంటుందో నువ్వు చూశావు, చిన్నప్పుడొకసారి తుమ్ముకుంటూ ఏడ్చావు. పైన రేకు, చుట్టూ మిర్చి ఘాటు, గాలి ఆడదు. అరగంటకి నీళ్లివ్వడానికి వెళ్లిన కుర్రాడు కేక వేశాడు. ఒళ్లు పెనంలా కాలిపోతోంది. చొక్కా మాత్రం చెమటతో తడిసి ముద్దయి ఉంది. "చెమట పడుతోందిగా, వడదెబ్బ కాదు" అని అక్కడున్న పెద్దలే అన్నారు. నేనూ నమ్మాను. జ్వరమనుకుని బిళ్ల తెప్పించాను. మింగలేకపోతే తల ఎత్తి పట్టుకుని నోట్లో నీళ్లు పోశాను. ఆ నీళ్లు పొలమారి ముక్కులోంచి వచ్చాయి. పక్కనే నిండు డ్రమ్ము నీళ్లున్నాయమ్మా. ఆ నీళ్లు అతని ఒంటి మీద కుమ్మరించాలని ఒక్కడికీ తోచలేదు. అప్పటికి 108 లేదు, అది 2005లో వచ్చింది. ఆటో దొరికేసరికి ఇంకో ముప్పావుగంట. రాత్రి పదిన్నరకి ప్రాణం పోయింది.

ఆసుపత్రిలో ఒక కుర్ర డాక్టరు నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. బరువు పని చేసేవాళ్లకి, ఎండలో గంటల తరబడి నిలబడేవాళ్లకి చెమట కారుతూనే వడదెబ్బ తగలొచ్చట. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి మాట తడబడిందంటే మెదడు దెబ్బతింటోందని గుర్తట. దానికి జ్వరం బిళ్ల పనిచేయదట. ఎంత త్వరగా ఒళ్లు చల్లబరిస్తే అంత మేలట. పన్నెండు రోజులు ఎండ పని మానేసి ఒక్కసారిగా బరువులెత్తాడు కదా, అలవాటు తప్పిన ఒంటికి మొదటి రోజులే ప్రమాదమని కూడా చెప్పాడు. ఆ అరవై నాలుగో గీత ఉన్న పుస్తకం చాలా ఏళ్లు నా దగ్గరే ఉంచుకున్నాను.

ఇది నీకెందుకు రాస్తున్నానంటే, నీ డ్యూటీయే రోడ్డు మీద. తూలుతూ నడిచేవాళ్లు, ఫుట్‌పాత్ మీద పడిపోయినవాళ్లు ముందు నీ కళ్లకే కనపడతారు. "తాగి పడ్డాడు సార్" అని పక్కవాళ్లు అంటారు. ఆ మాట వినకు. దగ్గరకెళ్లి పేరడుగు, ఏ ఊరో అడుగు. మాట పొంతన లేకపోతే 108కి ఫోన్ చేసి, వాళ్లు వచ్చేదాకా ఊరికే కూర్చోకు. ఫ్లైవోవర్ నీడలోకి చేర్పించు, బిగుతు బట్టలు వదులు చెయ్యి, దొరికిన నీళ్లన్నీ ఒంటి మీద పొయ్యి, అట్టముక్కతోనైనా విసరమను. సోడా బండి దగ్గర ఐసు దొరికితే గుడ్డలో చుట్టి మెడకీ చంకల్లోకీ గజ్జల్లోకీ పెట్టించు. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో చుక్క నీళ్లు కూడా పోయనివ్వకు. నిజంగానే తాగినవాడైతే తడిసి లేస్తాడు, పోయేదేముంది.

నీ సంగతి అంతకంటే భయం. ఎండ దెబ్బకి ముందు పోయేది తెలివి. తనకి తెలివి తప్పుతోందని ఆ మనిషికే తెలియదు. మస్తాన్‌కి తెలియలేదు. "నాకేం కాలేదు" అని నువ్వనే మాటని ఆ వేళప్పుడు నేను నమ్మను, నువ్వూ నమ్మకు. నీతో డ్యూటీ చేసే వాళ్లలో ఒకరితో మాట్లాడుకో. నువ్వు వాళ్లని, వాళ్లు నిన్ను గంటకోసారి కనిపెట్టుకోవాలి. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చేట్టుండటం, కాళ్ల పిక్కలు పట్టెయ్యడం, ఏది వచ్చినా నీడకి వెళ్లు. మొదటి పది రోజులు ఎండవేళ డ్యూటీ కొంచెం కొంచెంగా పెంచమని మీ ఎస్సైని అడుగు. కొత్తగా చేరి అలా అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడతావు, నాకు తెలుసు. నా తల్లివి కదూ, అడుగు.

బెజవాడని గుంటూరులా అనుకోకు. అటు కొండలు, ఇటు కృష్ణ, మధ్యలో కాంక్రీటు. పగలంతా కాగిన కొండ రాళ్లు రాత్రి దాకా సెగ కక్కుతాయి. పైగా గాలిలో తేమ. చెమట ఆరితే ఒళ్లు చల్లబడుతుంది గానీ కారితే కాదు, ఆ ఉక్కలో అది ఆరదు. 2015 మే నెలలో వడగాడ్పులకి మన రాష్ట్రంలోనే వెయ్యి మందికి పైగా పోయారు, ఎక్కువమంది కూలీలూ ముసలివాళ్లే.

పటమటలో నువ్వు చూసుకున్న గది పై అంతస్తు అని విన్నాను. వీలుంటే కింద వాటా చూసుకో. లేదంటే సాయంత్రం డాబా మీద నీళ్లు చల్లించు, కిటికీకి తడి దుప్పటి కట్టు, పడుకునే ముందు తల తడుపుకో. గది మరీ కాగిపోయినప్పుడు ఫ్యాను వేడిగాలే కొడుతుంది, ఒళ్లు తడిగా ఉంటేనే దానివల్ల ఉపయోగం. రాత్రి ఒళ్లు చల్లబడకపోతే మర్నాటి ఎండకి తట్టుకోలేవు.

ఇక్కడ మీ పెద్దమ్మ కాగితం లాక్కుని ఒకటి రాయమంటోంది. డ్యూటీలో ఉన్న ఆడపిల్లలు బాత్రూముకి వెళ్లే చోటు లేక నీళ్లు తాగడం మానేస్తారట. నాకు ఈ సంగతి ఇవాళే తెలిసింది, సిగ్గేసింది. చేరిన రోజే దగ్గర్లో పెట్రోలు బంకో, హోటలో, ఏదైనా షాపులో ఆడవాళ్లో చూసి మాట్లాడి పెట్టుకో. దాహం వేసేదాకా ఆగకు. ఓఆర్ఎస్ ప్యాకెట్ లేని రోజు కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఆరు చెంచాలు పంచదార, అర చెంచా ఉప్పు, అన్నీ టీ చెంచాతో తలకొట్టి కొలిచి కలుపుకో. ఉప్పేసిన పల్చటి మజ్జిగ సీసా ఒకటి ఎప్పుడూ ఉండాలి. మీ నాయనమ్మ జేబులో ఉల్లిపాయ పెట్టుకోమంటుంది. పెట్టుకో, ఆవిడ మనసు కష్టపెట్టకు. అన్నం వేళకి దాన్ని పెరుగన్నంలో నంజుకో.

సాయంత్రాలు ఒక్కోసారి ఈదురుగాలి లేస్తుంది. అప్పుడు హోర్డింగుల కిందా చెట్ల కిందా నిలబడకు.

మీ నాన్నతో మాట్లాడాను. రోజూ మధ్యాహ్నం డ్యూటీ మారి నీడకి రాగానే నాకు ఫోన్ చెయ్యి. "ఎలా ఉన్నావు" అని అడగను, "బాగానే ఉన్నా" అంటావు కాబట్టి. మూడో తరగతిలో నా ఒళ్లో కూర్చుని నేర్చుకున్న పదమూడో ఎక్కం అప్పజెప్పు, మొదట్నించి చివరిదాకా. ఒక్క అంకె తడబడినా బస్సెక్కి వచ్చేస్తాను.

మీ పెదనాన్న