నంబర్లు చేత్తో కొట్టకు

అమ్మాయీ,

నీ పేపరు, దాన్ని అచ్చుకు కూర్చే టెక్ ప్రోగ్రాముకి నువ్వు రాసిన ఫైలు, రెండూ చూశాను. డెరివేషన్ శుభ్రంగా ఉంది. కానీ ఆరో పేజీలో "ఏడో సమీకరణంలోని స్నిగ్ధత" అన్నావు. వెనక్కి వెళ్లి చూస్తే ఏడోది సరిహద్దు నిబంధన, స్నిగ్ధత ఎనిమిదోది! మధ్యలో ఎక్కడో ఒకటి చేర్చి ఉంటావు. ఫైలు తెరిస్తే అనుమానం నిజమైంది. వాక్యాల్లో ప్రతి నంబరూ చేత్తో కొట్టినదే. ఒళ్లు మండింది.

మేమూ చేత్తోనే వేసేవాళ్లం, గతిలేక. టైప్‌రైటర్ మీద గ్రీకు అక్షరాలకు ఖాళీ వదిలి, తర్వాత పెన్నుతో నింపేవాళ్లం. ఒక ఎడిటర్ మధ్యలో ఓ సమీకరణం చేర్చమన్నాడు. దాని తర్వాతి నంబర్లన్నిటికీ వైట్‌నర్ పూసి దిద్దుకుంటూ రాత్రంతా కూర్చున్నాను. ఇంతా చేస్తే, అచ్చులో గ్రీకు న్యూని ఇంగ్లిష్ వీ చేసి పారేశారు. స్నిగ్ధత కాస్తా వేగమైపోయింది. ప్రూఫు చూస్తానంటే టైము లేదన్నారు.

కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ కనూత్ అంతటివాడే 1977లో తన పుస్తకం రెండో సంపుటం ప్రూఫులు చూసి, ఆ అచ్చు నచ్చక టెక్ తయారీకి దిగాడు. దాని మీద ల్యాంపోర్ట్ అనే ఇంకో కంప్యూటర్ శాస్త్రవేత్త, నువ్వు వాడే లేటెక్ కట్టింది ఎందుకనుకున్నావు? ఇది సమీకరణం, ఇది పటం అని నువ్వు చెబితే చాలు, నంబరు సంగతి అది చూసుకుంటుంది. ప్రతి సమీకరణానికీ లేబుల్ పెట్టు, వాడేచోట నంబరుకి బదులు ఆ లేబుల్ పేరుతో ఈక్యూరెఫ్ అనే ఆదేశం రాయి. లేబుల్‌కి ఒకటి, రెండు అని కాకుండా విషయం తెలిసే పేరు పెట్టు. పటాల్లో మాత్రం లేబుల్ క్యాప్షన్ తర్వాతే రావాలి. ముందు పెడితే పటం నంబరుకి బదులు సెక్షన్ నంబరు పడుతుంది, ఎర్రర్ కూడా చూపించదు. రెండుసార్లు కంపైల్ చేశాక కూడా నంబరు ఉండాల్సినచోట జంట ప్రశ్నార్థకాలు కనబడితే పేరు తప్పు కొట్టావన్నమాట.

పైనా కిందా ఖాళీ వదలడానికి రాసిన ఆ వీస్పేస్‌లన్నీ తీసెయ్. పటాన్ని నీకు నచ్చినచోట కూర్చోబెట్టడానికి పెట్టావని తెలుసు. రేపు రెండు కాలమ్‌ల టెంప్లేటులో వేస్తే అన్నీ చెదిరిపోతాయి. పటం పక్క పేజీకి పోతే పోనీ, కొంపలేం మునగవు. సమీకరణాల్లో త్రికోణమితి సైన్ ముందు బ్యాక్‌స్లాష్ పెట్టు, లేకపోతే ఎస్, ఐ, ఎన్ అనే మూడు రాశుల్ని గుణించినట్టు ఇటాలిక్‌లో పడుతుంది.

ఏ పత్రికకు పంపాలన్నది తర్వాత చూద్దాం. వర్డ్‌లోనే పంపమనేవాళ్ల జోలికి మాత్రం పోకు. సమీకరణాలు మళ్లీ ఎవరో కొడతారు, నా న్యూకి పట్టిన గతే పడుతుంది.

రిఫరెన్సుల జాబితా ఉండే బిబ్ ఫైలు పంపలేదేం? అవి కూడా చేత్తోనే కొట్టి ఉంటే ఇప్పుడే చెప్పు.