ముందు మీ సంగతి చెప్పండి, తర్వాత ఆయన్ని అడగండి

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. మాది నెల్లూరు జిల్లా. ఐదేళ్లుగా బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను. ఆఫీసు వైట్‌ఫీల్డ్‌లో, ఉండేది మారతహళ్లిలో పీజీలో. పోయిన నెల నిశ్చితార్థం అయింది. అబ్బాయి వాళ్లది ఒంగోలు, మాకు దూరపు చుట్టరికం కూడా ఉంది. ఆయన ఎలక్ట్రానిక్ సిటీలో పనిచేస్తారు. మాఘమాసంలో పెళ్లి, ఇంకా మూడు నెలలుంది. రోజూ రాత్రి ఫోన్లో మాట్లాడుకుంటాం కానీ ‘తిన్నావా, ఆఫీసెలా ఉంది’ దాటి మాట ముందుకు పోదు. అప్పులేమైనా ఉన్నాయా, వాళ్ల అమ్మానాన్నలు మాతోనే ఉంటారా అని అడగాలని ఉంది. నేను నెలకు 20 వేలు నాన్నకు పంపుతాను, తమ్ముడు ఇంకా ఇంజనీరింగ్ చదువుతున్నాడు. పెళ్లయ్యాక ఆ డబ్బు సంగతేమిటో తెలియదు. ‘అన్నీ ఆరా తీస్తే గయ్యాళి అనుకుంటారు, పెళ్లయితే అవే సర్దుకుంటాయి’ అంటుంది అమ్మ. నేను రెండేళ్లుగా థైరాయిడ్ మాత్ర వాడుతున్నాను. అది కూడా ఇప్పుడే చెప్పొద్దంటోంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం అడగాలి, ఎలా అడగాలి?
– ఒక సోదరి, బెంగళూరు

జవాబు: మీ ఉత్తరం చదువుతూ ఆ థైరాయిడ్ మాత్ర దగ్గరే ఆగిపోయాను. మిగతా వాటికన్నా ముందు దాని గురించి చెప్పాలి.

ఆ మాత్ర పొద్దున్నే పరగడుపున వేసుకోవాలి. వేసుకున్నాక కనీసం అరగంట, వీలైతే గంటసేపు కాఫీ కూడా తాగకూడదు. పెళ్లయిన నాలుగో రోజు ఒంగోలులో అత్తగారింట్లో ఉన్నారనుకోండి. ఆరింటికి ఆవిడ ప్రేమగా కాఫీ గ్లాసు తెచ్చి మీ చేతిలో పెడతారు. మాత్ర హ్యాండ్‌బ్యాగులో ఉంది, బ్యాగు బీరువాలో ఉంది, బీరువా ఉన్న గదిలో మీ ఆయన నిద్రపోతున్నారు. ఏం చేస్తారు? కాఫీ పక్కన పెట్టి, చప్పుడు కాకుండా బ్యాగు తీసి, బాత్రూంలోకి వెళ్లి వేసుకుంటారా? ఎన్నాళ్లు? ఏదో ఒక రోజు ఆ షీటు ఆయన కంట పడుతుంది. థైరాయిడ్ గురించి ఆయన పెద్దగా పట్టించుకోకపోవచ్చు. ‘ఇంకా ఏమేం దాచిందో’ అన్న అనుమానం మాత్రం ఒకసారి ఇంట్లోకి వచ్చిందంటే ఊరికే పోదు.

నిజానికి ఇది దాచాల్సినంత సంగతే కాదు. మోతాదు సరిగ్గా ఉంటే కాపురానికీ, పిల్లలకూ అడ్డం కాదు. పిల్లల కోసం అనుకునే ముందు డాక్టరుకు చెప్పి టీఎస్‌హెచ్ పరీక్ష చేయించుకోవాలి, గర్భంతో ఉన్నప్పుడు మోతాదు తరచుగా పెంచాల్సి వస్తుంది. అంతే. ఇంత చిన్న సంగతి మూడు నెలల ముందే ఆయనకు తెలిస్తే, రేపు అత్తగారింట్లో ‘అమ్మా, తనకు కాఫీ కాసేపాగి ఇవ్వు’ అని చెప్పే మనిషి మీకు ఒకరుంటారు.

ఎలా అడగాలి అన్నారు. నేను చెప్పేది కూడా ఇదే. ముందు మీ సంగతి చెప్పండి, ఆ తర్వాత అడగండి. ‘మీకు అప్పులున్నాయా’ అని మొదలుపెడితే ఎంత మెత్తగా అన్నా పోలీసు విచారణలా ఉంటుంది. ‘నా జీతం ఇంత. అందులో 20 వేలు నాన్నకు పంపుతాను, తమ్ముడి చదువయ్యే దాకా అది ఆపలేను. పెళ్లికి ముందే మీకు తెలియాలని చెబుతున్నాను. మీ వైపు ఎలా ఉంది?’ అనండి. మీ దగ్గరున్నది మీరు ముందు పెట్టారు కాబట్టి ఆయనకూ నోరు పెగులుతుంది. పైగా ఆ 20 వేల మాట మీరే చెప్పాలి. పెళ్లయిన ఆరో నెలలో బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆయన చూసి అడిగితే, అదే డబ్బు తప్పు చేసి దొరికినట్టు కనిపిస్తుంది.

డబ్బు మాటలు గాలిలో ఆడకండి, కాగితం మీద పెట్టండి. కిందటేడు ఒక జంట నా దగ్గరికి వచ్చారు, పెళ్లికి రెండు నెలలుంది. చెరో తెల్లకాగితం ఇచ్చి, నెలకు వచ్చేదెంత, ఎక్కడెక్కడికి పోతోంది, రాయమన్నాను. అమ్మాయి పది నిమిషాల్లో రాసేసింది. అబ్బాయి నాలుగు లైన్లు రాసి పెన్ను మూత పెట్టాడు. మళ్లీ తీశాడు. కాసేపు కిటికీ వైపు చూసి ఐదో లైను రాశాడు: చెల్లెలి పెళ్లికి తీసుకున్న పర్సనల్ లోను, నెలకు 18 వేలు, ఇంకా మూడేళ్లు. కాగితం అమ్మాయికి ఇచ్చేటప్పుడు ఆ లైను మీద బొటనవేలు ఉంచి ఇచ్చాడు. ఆ అమ్మాయి వేలు పక్కకు జరిపి చదివింది. ‘ఇది ముందే చెప్పుంటే ఎంగేజ్‌మెంట్‌కి అంత పెద్ద హాలు వద్దనేదాన్ని కదా’ అంది. తర్వాత గంటసేపు ఇద్దరూ పెళ్లి ఖర్చులో ఏమేం తగ్గించొచ్చో లెక్కలు వేసుకున్నారు. నాకు మాట్లాడే పనే లేకపోయింది.

మీరిద్దరూ అలాగే చెరో కాగితం రాయండి. క్రెడిట్ కార్డు బాకీ, చదువు కోసం తీసుకున్న లోను, చీటీలు, స్నేహితుడి అప్పుకు పెట్టిన హామీ సంతకం, అన్నీ అందులో ఉండాలి. సిబిల్ వంటి సంస్థలు ఏడాదికోసారి పూర్తి క్రెడిట్ రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. ఇద్దరూ తీసుకుని ఒకరిది ఒకరు చూసుకోండి. ముందు మీది చూపించండి. పెళ్లయ్యాక ఇద్దరూ పీఎఫ్ నామినేషన్ కొత్తగా చేసుకోవాలన్న సంగతి కూడా గుర్తుపెట్టుకోండి, చాలామంది మర్చిపోతారు.

మీ ఉత్తరంలో మీరు అడగనిది ఒకటుంది. ఈ ఊళ్లో దాని మీదే ఎక్కువ గొడవలు చూస్తుంటాను. ఇల్లు ఎక్కడ తీసుకుంటారు? మీ ఆఫీసు వైట్‌ఫీల్డ్‌లో, ఆయనది ఎలక్ట్రానిక్ సిటీలో. రోడ్డు మీద వెళితే సిల్క్‌బోర్డు జంక్షన్‌లో ట్రాఫిక్ సంగతి నేను చెప్పక్కర్లేదు. మెట్రో ఎల్లో లైన్ వచ్చింది కదా అనుకున్నా, మెజెస్టిక్‌లో ఒకసారి, ఆర్‌వీ రోడ్డులో ఇంకోసారి రైలు మారాలి. ‘అబ్బాయి ఆఫీసు దగ్గరే కదా తీసుకునేది’ అని పెద్దవాళ్లు మాట వరసకు అనేస్తారు, ఎవరూ కాదనరు. అప్పుడు రోజుకు మూడు గంటలు ప్రయాణం మీకు పడుతుంది. రాత్రి ఎనిమిదిన్నరకు మీరు చెప్పులు విప్పేసరికి ఆయన ఏడింటికే వచ్చి టీవీ చూస్తూ ఉంటారు. ఆ రాత్రి కుక్కర్ ఎవరు పెట్టాలి? ‘ఇంటి పనులు పంచుకుందాం’ అంటే ఏ అబ్బాయైనా సరే అంటాడు. ‘మీరు ముందు ఇంటికొస్తే అన్నం, కూర మీరు చేస్తారా? వంట వచ్చా? రాకపోతే ఈ మూడు నెలల్లో నేర్చుకుంటారా?’ అని అడగండి. నవ్వేసి ఊరుకుంటే ఇంకోసారి అడగండి. మధ్యలో హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ వైపో, బెళ్లందూరు వైపో చూసుకుంటే ఇద్దరికీ సగం సగం పడుతుంది, అద్దె మాత్రం ఎక్కువ. అడ్వాన్సుకే లక్షల్లో కావాలి. అది ఎవరి ఖాతాలోంచి వెళ్తుంది, అగ్రిమెంటు ఎవరి పేరు మీద అన్నది కూడా అప్పుడే అనుకోండి. ఇద్దరి పేర్లూ ఉంటే మంచిది.

ఇక పెద్దవాళ్లు. ‘అత్తయ్య, మామయ్య మనతో ఉంటారా’ అని అడిగితే ‘చూద్దాంలే’ అంటారు. ఆయనకు కూడా తెలియకపోవచ్చు. ఇంకొంచెం దగ్గరగా అడగండి. మామయ్య ఎప్పుడు రిటైరవుతారు? ఆ తర్వాత ఒంగోలులోనే ఉండాలనుకుంటున్నారా? వస్తే రెండు గదుల ఇల్లు సరిపోతుందా? ఇదే ప్రశ్న మీ అమ్మానాన్నల గురించి కూడా వేసుకోండి. మీ నాన్నకు ఆపరేషన్ అయి, నెల రోజులు బెంగళూరులో మీ ఇంట్లోనే ఉండాల్సి వస్తే ఆయనకు ఇష్టమేనా? అమ్మాయి ఇంట్లో ఎక్కువ రోజులు ఉండకూడదని మన వైపు ఇప్పటికీ అనుకుంటారు. ఇది తేలకుండా పెళ్లి చేసుకున్న ఆడపిల్లలు తండ్రిని చూసుకోవడానికి ఆఫీసులో సెలవు పెట్టి, ఇంట్లోనూ బతిమాలుకోవడం చూశాను. వినడానికే కష్టంగా ఉంటుంది.

కట్నం సంగతి మీరు రాయలేదు. వాళ్లు ‘మాకేం వద్దు, మీ అమ్మాయికి మీరేం పెట్టుకుంటారో మీ ఇష్టం’ అని ఉంటే, ఆ మాటకు అర్థమేమిటో అబ్బాయినే అడగండి. నాన్న పొలం అమ్మే ఆలోచనలో ఉన్నా, వడ్డీకి తెచ్చే ఆలోచనలో ఉన్నా అది కూడా చెప్పండి. ‘మా నాన్న అప్పుతో మన కాపురం మొదలవడం నాకిష్టం లేదు’ అనే హక్కు మీకుంది. 1961 నుంచీ కట్నం ఇవ్వడమూ, తీసుకోవడమూ నేరమే. చట్టంలో రాసిన శిక్ష కనీసం ఐదేళ్ల జైలు. అడగకుండా ఆనవాయితీగా ఇచ్చే కానుకలకు జాబితా రాసి సంతకాలు చేయాలని 1985 నాటి నిబంధనలు చెబుతున్నాయి. మీకు పెట్టిన బంగారం స్త్రీధనం, పూర్తిగా మీదే. లాకరు మీ పేరు మీద కూడా ఉండేలా చూసుకోండి.

దూరపు చుట్టరికం అన్నారు కాబట్టి రక్త పరీక్షలు వాయిదా వేయకండి. తలసీమియా అంటే తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్త జబ్బు. దాని జన్యువు ఉన్నవాళ్లు పైకి ఆరోగ్యంగానే ఉంటారు. ఇద్దరిలోనూ అది ఉంటే పుట్టే ప్రతి బిడ్డకూ తీవ్రమైన తలసీమియా రావడానికి 25 శాతం అవకాశం ఉంటుంది. హెచ్‌బీఏ2 అనే హిమోగ్లోబిన్ రకం ఎంతుందో చూసే రక్తపరీక్షతో ముందే తెలుస్తుంది. చుట్టరికం లేనివాళ్లకూ ఇది మంచిదే. దాంతోపాటు బ్లడ్ గ్రూపు, షుగరు, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి. రుబెల్లా టీకా వేయించుకోకపోయి ఉంటే ఇప్పుడే డాక్టరును అడగండి, అది వేసుకున్నాక నెల రోజుల వరకు గర్భం రాకుండా చూసుకోవాలి. ‘ఇద్దరం కలిసి ఒకే రోజు వెళ్దాం’ అనండి, ఎవరికీ అవమానంగా ఉండదు.

పిల్లలు ఎప్పుడు, అప్పటిదాకా ఏ జాగ్రత్త తీసుకోవాలి, అది ఎవరు తీసుకోవాలి అన్నది కూడా పెళ్లికి ముందే మాట్లాడుకోవాలి. సిగ్గుగానే ఉంటుంది. మాటలో కష్టమైతే మెసేజ్‌లో రాయండి. ముహూర్తం పెట్టారు కదా అని ఆ రాత్రే అన్నీ జరిగి తీరాలని లేదు. రెండు రోజులు నిద్ర లేని అలసటలో ఉంటారు ఇద్దరూ. ‘నాకు కొంచెం టైమ్ కావాలి’ అని మీరు అనగలగాలి, ఆయనా అనగలగాలి. గతంలో ఎవరినైనా ఇష్టపడి ఉంటే, ఎంత చెప్పాలన్నది మీ ఇష్టం. వేరేవాళ్ల నోట ఆయన వినే అవకాశం ఉంటే మాత్రం మీరే చెప్పండి.

దేవుడు, ఉపవాసాలు, మాంసం, ఇంట్లో మందు, ఆన్‌సైట్ అవకాశాలు, ఇవి ఎలాగూ మాటల్లో వస్తాయి.

ఇవన్నీ ఒకే రోజు పెట్టుకోకండి. రాత్రి పదకొండింటికి ఫోన్లో అసలే వద్దు. ఆదివారం పొద్దున లాల్‌బాగ్‌లో కలవండి. ఎదురెదురుగా కూర్చుంటే ఇంటర్వ్యూలా ఉంటుంది, పక్కపక్కన నడుస్తూ అయితే కష్టమైన మాట కూడా తేలిగ్గా వస్తుంది. వారానికి ఒక్క సంగతి చాలు, మీకు పన్నెండు ఆదివారాలున్నాయి. మూడో మనిషి ఉంటే బాగుండుననిపిస్తే బీటీఎం లేఅవుట్‌లో మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వాళ్ల వెల్‌బీయింగ్ సెంటర్ ఉంది. రాత్రుళ్లు మరీ నిద్ర పట్టకపోతే 14416కు ఫోన్ చేయండి. టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఆయన జవాబులు మీకు నచ్చకపోవచ్చు. దానికి భయపడకండి, బేరమాడుకోవడానికి టైముంది. కానీ మీరు చెప్పింది విని వెంటనే వాళ్లమ్మకు చేరవేసి ఆవిడతో మాట అనిపించినా, ‘పెళ్లయ్యాక నీ జీతం ఖాతా నేను చూసుకుంటాను’ అన్నా, ఫోను పాస్‌వర్డ్ అడిగినా, ప్రశ్న వేయగానే కోపంతో రెండు రోజులు మాట్లాడటం మానేసినా ఆగండి. పెళ్లి వాయిదా వేయండి. అవసరమైతే మానుకోండి. కల్యాణమండపం అడ్వాన్సు పోతే పోనివ్వండి. పత్రికలు పంచాక కూడా ఆగిన పెళ్లిళ్లున్నాయి, ఆ అమ్మాయిలు ఇవాళ బాగానే ఉన్నారు. ఇది మీకు భరోసాగా చెబుతున్నాను.

అమ్మ మీద కోపం పెట్టుకోకండి. నిశ్చితార్థం అయ్యాక సంబంధం తప్పితే ఊళ్లో ఎన్ని మాటలు పడాలో ఆవిడకు తెలుసు, ఆ భయంతోనే దాచమంటోంది. ఈ శనివారం రాత్రి ఆవిడకు ఫోన్ చేయండి. రేపు పొద్దున థైరాయిడ్ సంగతి ఆయనకు చెబుతున్నానని చెప్పండి. ‘చెప్పనా’ అని మాత్రం అడగకండి.